చంద్రుని ఆత్మప్రదక్షిణము

ఆకాశమందలి వస్తువులలో తెలుగువారు చుట్టరికము కలుపుకొన్నది ఒక్క చంద్రునితోనే. సూర్యుడు నారాయణుడై నమస్కారములందుకొనును. నక్షత్రములు పంచాంగమునకు పనికివచ్చును. చంద్రుడు మాత్రము చందమామ. శ్రీమహాలక్ష్మి పాలకడలిలో పుట్టినది, చంద్రుడును అచ్చటనే పుట్టినాడు. జగన్మాతకు తోబుట్టువైనవాడు ఆమె బిడ్డలకు మేనమామ కాక మరేమగును? పెద్దలు చెప్పు ఈ వరుస ముచ్చటయైనదే. కాని చుట్టరికమున్నచోట హక్కుకూడ పుట్టును. మేనమామ వచ్చినాడనగానే “నాకేమి తెచ్చినావు?” అని బిడ్డ అడుగును. చంద్రుడు దేనికొరకున్నాడను ప్రశ్న ఆ బిడ్డ అడుగు ప్రశ్నయే. శాస్త్రములు చదివినవారును, గ్రంథములు వ్రాసినవారును దానిని మానలేదు.

శోభకృత్ నామ సంవత్సర నిజ శ్రావణ శుద్ధ సప్తమినాడు, అనగా 2023 ఆగస్టు 23వ తేదీ సాయంకాలము 6 గంటల 4 నిమిషములకు, చంద్రయాన్-3 నౌకలోని విక్రమ్ చంద్రుని దక్షిణధ్రువమునకు చేరువలో దిగినది. జూలై 14న అది శ్రీహరికోటనుండి బయలుదేరుటకు ముందుదినము ఇస్రో శాస్త్రజ్ఞులు దాని చిన్న నమూనాను వెంటగొని తిరుమలకు వచ్చి శ్రీవారిని సేవించుకొన్న సంగతి భక్తులకు విదితమే. విక్రమ్ పంపిన చిత్రములలో కనబడినది బూడిదవన్నె నేల, రాళ్ళు, గుంటలు. నాటినుండి ఆస్తికుల యిండ్లలో రెండు ప్రశ్నలు తఱచు వినబడుచున్నవి. ఎల్లప్పుడు ఒకే ముఖము చూపు చంద్రుడు తనచుట్టు తాను తిరుగుచున్నాడా, లేదా? అచ్చట రాయియు దుమ్మును తప్ప మరేమియు లేనప్పుడు ఆ గోళమును భగవంతుడు ఎవరికొరకు సృజించెను? మొదటిది గణితమునకు సంబంధించినది. రెండవది ధర్మమునకు సంబంధించినది. మొదటిదానికి సరియైన సమాధానము దొరకిన పిదప రెండవదానిని అడుగు తీరే మారిపోవును.

కుందేటి గుర్తును ముందుగా తలచుకొనవచ్చును. చంద్రునికి శశాంకుడనియు మృగాంకుడనియు పేర్లు. ఆ మచ్చ నిత్యమైనది గనుకనే పేరు నిలిచినది. తాత చూచిన కుందేలే మనుమడును చూచుచున్నాడు. అది పురాతనకాలమున పొంగి గడ్డకట్టిన నల్లని శిలాద్రవపు మైదానములని నేటివారు చెప్పుదురు. ఏది యైనను, అది ఎన్నడును వెనుకకు పోలేదు. దీనినిబట్టియే “చంద్రుడు తిరుగుటలేదు, తిరిగిన వెనుకవైపు కనబడవలదా?” అని చాలమంది అనుకొందురు. ఇది పామరుల పొరపాటు మాత్రమే కాదు. 1856లో ఇంగ్లండున పాఠశాలల తనిఖీ అధికారియైన జెలింగర్ సైమన్స్ ఈ పక్షమున నిలిచి పత్రికలలో పెద్ద వాదమునే లేవదీసెను. విద్యుచ్ఛక్తి విషయమున లోకమునకు మహోపకారము చేసిన నికోలా టెస్లా సైతము 1919లో చంద్రుడు తిరుగుటలేదనియే వ్యాసము వ్రాసెను.

ఆలయమున ప్రదక్షిణము చేయు భక్తుని చూచిన ఈ చిక్కు విడిపోవును. తూర్పువాకిలి గల గుడి. భక్తుడు ధ్వజస్తంభముకడ బయలుదేరినప్పుడు కుడిభుజము స్వామివైపునకుండును, ముఖము దక్షిణమునకుండును. దక్షిణపు ప్రాకారము వెంబడి నడచునప్పుడు అతడు పశ్చిమాభిముఖుడు. గుడి వెనుక ఉత్తరాభిముఖుడు. ఉత్తరపు వైపున తూర్పుముఖము. మరల ధ్వజస్తంభము చేరునప్పటికి దక్షిణము. నాలుగు దిక్కులను వరుసగా చూచి బయలుదేరిన ముఖమునకే వచ్చినాడు. అనగా ఒక్క ప్రదక్షిణములో అతని దేహము తనచుట్టు తాను సరిగా ఒక్కసారి తిరిగినది. నిలుచున్నచోటనే చేయు ఆత్మప్రదక్షిణము ఒకటి అందులోనే ఇమిడియున్నది. గర్భాలయమునుండి చూచువారికి మాత్రము ఆద్యంతము అతని కుడిభుజమే కనబడును. ఇక తిరుగకయే చుట్టువాడెట్లుండును? అతడు దక్షిణపు ముఖమును విడువడు. దక్షిణపు ప్రాకారమున ప్రక్కకు జరుగుచు పోవలెను, గుడి వెనుక వెనుకకు నడువవలెను, ఒకచోట స్వామికి వీపు చూపవలెను. తిరుగనివాడే వీపు చూపును, తిరుగువాడు చూపడు. చంద్రుడు భూమికి ఎన్నడును వీపు చూపకపోవుటయే అతడు తిరుగుచున్నాడనుటకు ప్రమాణము. ఉత్తరమునుండి చూచిన అతని నడక అప్రదక్షిణమగుననియు, అతడు చూపునది భుజము గాక ముఖమనియు ఎవరైన ఆక్షేపింపవచ్చును. ఉపమానము అంతదూరము సాగదు, సాగనక్కరయు లేదు.

ఈ రెండు తిరుగుళ్ళకును పట్టు కాలము ఒక్కటియే, 27 దినముల 7 గంటల 43 నిమిషములు. మహాయుగమునకు చంద్రభగణములు 5,77,53,336 అని సూర్యసిద్ధాంతము చెప్పినది. ఆ యుగమునకు అదే గ్రంథము చెప్పిన సావనదినములను ఈ సంఖ్యచే భాగించిన 27.3217 దినములు వచ్చును. దూరదర్శినులు లేని కాలపు లెక్క నేటి లెక్కతో ఇంతగా కలియుట సంతోషింపదగిన విషయము. రెండు కాలములు ఏల సమానమైనవో చెప్పినది మాత్రము నవీనులే. చంద్రుడు పూర్వము ఇంకను వేగముగా తిరుగుచుండెననియు, భూమి ఆకర్షణచే అతని దేహమున సముద్రపు పోటువంటి పొంగు లేచి ఆ వేగమును యుగములతరబడి అణచి, తుదకు ఒకే ముఖము ఇటు నిలుచునట్లు చేసినదనియు వారు నిరూపించినారు. ఆ ముఖమైనను బొత్తిగా కదలకుండ ఉండదు. భ్రమణము సమవేగమున సాగును. కక్ష్యలోని నడక ఒకచోట త్వరగను ఒకచోట మెల్లగను సాగును. అందువలన ఈ అంచున కొంత, ఆ అంచున కొంత తొంగిచూచినట్లు కనబడి మొత్తముమీద గోళమున నూటికి 59 వంతులు భూమినుండి చూడవచ్చును. మిగిలిన 41 వంతులను ఏ ఋషియు ఏ రాజును కంటితో చూడలేదు. 1959 అక్టోబరు 7న రష్యావారి లూనా-3 తీసిన ఛాయాచిత్రములతో ఆ తెర తొలగినది.

చూడనిచోటనే కల్పన మొలచును. పందొమ్మిదవ శతాబ్దమున హాన్సెన్ అను గొప్ప గణితజ్ఞుడు చంద్రుని వెనుకవైపున గాలియు నీరును ప్రాణులును ఉండవచ్చునన్నాడు. 1970లో రష్యాకు చెందిన ఇద్దరు రచయితలు చంద్రుడు లోపల డొల్లయనియు, అన్యలోకవాసులు నిర్మించిన నౌకయనియు వ్రాసిరి. 2019 జనవరి 3న చైనావారి యంత్రము ఆ వెనుకవైపుననే దిగినది. అచ్చటను రాళ్ళు, గుంటలు, ధూళియే.

ఇచ్చట ఆస్తికునికి ఒక సంకటము కలుగును. చంద్రుని వెనుకవైపున పితరులు నివసింతురని సిద్ధాంతగ్రంథములు చెప్పుచున్నవే! అదియు హాన్సెన్ కల్పనవంటిదేనా?

భాస్కరాచార్యుడు 1150లో రచించిన సిద్ధాంతశిరోమణిలో ఈ విషయము స్పష్టముగానున్నది. పితరులు చంద్రుని ఊర్ధ్వభాగమున, అనగా భూమికి ఆవలివైపున ఉందురు. అమావాస్యనాడు చంద్రుడు భూమికిని సూర్యునికిని నడుమ నుండును గనుక వారికి సూర్యుడు నడినెత్తిన నుండును. అదియే వారి మధ్యాహ్నము. పూర్ణిమ వారి అర్ధరాత్రము. కృష్ణాష్టమి ఉదయము, శుక్లాష్టమి అస్తమయము. మాసమంతయు కలసి వారికి ఒక్క అహోరాత్రము. మనుస్మృతి కృష్ణపక్షమంతయు వారి పగలనియు శుక్లపక్షమంతయు రాత్రియనియు చెప్పును గదా, వారము దినముల తేడా వచ్చునే యని అడుగవచ్చును. స్మృతి కర్మకాలమును విధించుచున్నది, సిద్ధాంతము సూర్యుని స్థానమును లెక్కించుచున్నది. రెండింటి పని వేరు.

గమనింపదగిన సంగతి మరియొకటి యున్నది. “ఆవలివైపు” అని ఒక స్థిరమైన ప్రదేశము ఉండవలెనన్నచో చంద్రుడు ఎల్లప్పుడు ఒకే ముఖమును భూమికి చూపవలెను. అట్లు చూపుటకు అతడు తిరుగవలెను. తిరుగనిచో అచ్చటివారికి సూర్యోదయము ఏడాదికి ఒకసారియే అగును. మాసము ఒక దినము కాజాలదు. భాస్కరుడు ఇచ్చట చంద్రభ్రమణమును స్థాపించుటకు పూనుకొనలేదు. అతడు చెప్పదలచినది పితృదినమును మాత్రమే. అయినను ఆ లెక్కలో భ్రమణము ఇమిడియున్నది, ప్రదక్షిణములో ఆత్మప్రదక్షిణమువలె. విక్రమ్ దిగినది భూమివైపున గనుక దానికి అంతయు తలక్రిందులు. శుద్ధ సప్తమినాడు అచ్చట తెల్లవారుచుండగా దిగినది. పూర్ణిమ దానికి పట్టపగలు. ప్రొద్దు క్రుంకుచుండగా సెప్టెంబరు 4న, బహుళ పంచమినాడు, దానిని నిద్రపుచ్చినారు. భాస్కరుని గణితమును త్రిప్పి చదివిన ఇస్రోవారి కార్యక్రమమగును. ఇందువలన ప్రాచీనులకు నేటి యంత్రములన్నియు తెలిసియుండెనని గొప్పలు చెప్పుకొనుట తగదు. అట్టి గొప్పలు శాస్త్రమునకు మేలు చేయవు. వారు చూచినదానిని చక్కగా చూచిరి, చూచినంతవరకు చక్కగా లెక్కించిరి. ఆ గౌరవము చాలును.

ఇక రెండవ ప్రశ్న. చంద్రుడు ఎవరికొరకు?

రాత్రులందు మానవునికి దీపముగా నుండుటకే దేవుడు చంద్రుని చేసెనని పాశ్చాత్యులు పలువురు వ్రాసిరి. ఫ్రాన్సు దేశీయుడైన లాప్లాసు ఈ మాటను లెక్కకు పెట్టెను. దీపమే యైనచో మాసములో సగము రాత్రులు అది కొడిగట్టుట యేల? చంద్రుని ఇప్పటికంటె నాలుగురెట్ల దూరమున, సూర్యునికి ఎల్లప్పుడు ఎదురుగ నిలిపియున్నచో ప్రతిరాత్రియు పూర్ణిమయే యగునుగదా, దీపమును పెట్టినవానికి ఆ పాటి తెలియదా, యని ఆయన ఆక్షేపము. కొంతకాలమునకు లియువిల్ అను ఆ దేశపు గణితజ్ఞుడే అట్టి స్థితి నిలుకడలేనిదనియు, కొంచెము కదిలినను చంద్రుడు ఆ చోటు తప్పిపోవుననియు చూపెను. దేవునికి ఒక ప్రయోజనము అంటగట్టినవాడును, ఆ ప్రయోజనము సరిగా నెరవేరలేదని దేవుని తప్పుపట్టినవాడును ఒకే పీఠముపై కూర్చుండి మాటలాడుచున్నారు. ఆ పీఠము యజమానిది.

గుత్తి సీమలో ఈ ప్రశ్నకు మరియొక ముఖము గలదు. ముంబయినుండి రైలులో తిరుపతికి పోవు యాత్రికులు గుత్తికొండను కిటికీనుండి చూచియుందురు. రైలు పరుగిడుచుండ చంద్రుడు వెంటవచ్చుచున్నాడని పిల్లలు కేరింతలు కొట్టు దారి అది. బుక్కరాయల శాసనము దుర్గములకు రాజని కొనియాడిన కోట ఆ కొండపైననే యున్నది. 1776లో మురారిరావు హైదరాలీకి ఆ కోటను అప్పగింపవలసివచ్చినది ఫిరంగులవలన గాదు, లోపల నీరు అడుగంటుటవలన. నైరృతి మేఘములను పడమటి కనుమలు ఆపివేయును. ఈశాన్య మేఘములు తూర్పుతీరముననే చాలవరకు కురిసిపోవును. రెంటికిని నడుమ చిక్కిన అనంతపురపు మెట్టలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడినచో మంచి సంవత్సరమే. ఆ వానను నమ్మి రైతు ఎఱ్ఱనేలలో వేరుసెనగ విత్తును.

పిండి ఆరబోసినట్లు వెన్నెల కాయుచున్నదని కవులు సంతోషింతురు. శ్రావణమాసమున గుత్తి రైతు ఆ మాట విన్నచో సంతోషింపడు. అట్టి వెన్నెలయనగా మబ్బు లేదని అర్థము. ఊడలు దిగవలసిన వేళ చేను వాడుచున్నదని అర్థము. అతడు చంద్రుని చూచును గాని అందమునకు గాదు. చంద్రుని చుట్టు గుడి కట్టినదా యని చూచును. దూరపు గుడి దగ్గరి వాన, దగ్గరి గుడి దూరపు వాన యని సామెత. మిక్కిలి ఎత్తున తేలు పలుచని మేఘములలోని మంచుకణములు వెన్నెలను వంచుటవలన ఆ గుడి ఏర్పడును. పై మబ్బు వచ్చినది గనుక వెనుక వానమబ్బు రావచ్చును, రాకపోవచ్చును. విక్రమ్ చంద్రునిపై దిగిన ఆ 2023 ఆగస్టు మాసమే, 1901 నుండి ఉన్న లెక్కలలో, దేశమునకు అన్నిటికంటె తక్కువ వాన పడిన ఆగస్టు. లోకమంతయు చంద్రుని చూచి చప్పట్లు కొట్టిన పక్షముననే మెట్టరైతు అదే చంద్రుని చూచి నిట్టూర్చినాడు. వెన్నెల మానవుని ఆనందముకొరకు కాయుచున్నదన్నచో ఈ మానవుని మాటయేమి?

మాట ఇంతటితో ఆగదు. వెన్నెలకు ప్రయోజనము చెప్పగలవాడు వెన్నెలతో వచ్చిన ఎండుకరవునకును ప్రయోజనము చెప్పవలసియుండును. చెప్పుచున్నారుకూడ. ఏ ఊర కరవు వచ్చినను “ఆ ఊరి పాపము” అను మాట ఎక్కడనో వినబడును. అన్నది తఱచు కడుపు నిండినవారే. చంద్రుడు తనకు దీపమనుకొనుట వెఱ్ఱి ముచ్చట. దానివలన ఎవరికిని హాని లేదు. ఎదుటివాని ఎండిన చేను అతనికి శిక్షయనుట అదే వెఱ్ఱి. కాని ఇచ్చట అది క్రూరత్వమగుచున్నది.

బ్రహ్మసూత్రకారుడు సృష్టికి ప్రయోజనమేమను ప్రశ్నను తానే లేవదీసి లీల యని సమాధానము చెప్పెను. పరిపూర్ణునికి తీరవలసిన కొరత లేదు. వెనువెంటనే, లోకములో కొందరు సుఖింప కొందరు దుఃఖించుచుండ భగవంతునికి పక్షపాతమును నిర్దయయు అంటవా యను ప్రశ్నకు, కర్మను అపేక్షించి ఫలమిచ్చుచున్నాడు గనుక అంటవని చెప్పెను. ఈ సూత్రమును పట్టుకొనియే ఊరి పాపమును లెక్కించువారున్నారు. వారు మరచునది ఒకటి కలదు. కర్మ ఫలించునని సూత్రము చెప్పినది. ఎవని ఏ కర్మ ఎప్పుడు ఎట్లు ఫలించుచున్నదో పొరుగువాడు చదువగలడని చెప్పలేదు. ఆ చిట్టా చూచు అధికారము ఒక్కనిదే. ఆ సూత్రము భగవంతుని దయను కాపాడుటకు వచ్చినది గాని, మానవుని దయను మాన్పుటకు రాలేదు.

భగవద్రామానుజులు శేషత్వమును నిర్వచించిన తీరు ఇచ్చట మిక్కిలి ఉపకరించును. ఇతరునికి అతిశయము కలిగించుటయే దేనికి స్వరూపమో అది శేషము, ఆ ఇతరుడు శేషి. చేతనాచేతనములన్నియు శ్రియఃపతికి శరీరములు, శేషభూతములు. చంద్రుడు ఆయనకు శేషము. గుత్తిరైతును ఆయనకు శేషమే. చంద్రుడు మానవునికి శేషమని ఏ ఆచార్యుడును సెలవీయలేదు. గీత పదునైదవ అధ్యాయమున భగవానుడు తాను రసరూపుడైన సోముడై ఓషధులను పోషించుచున్నానన్నప్పుడును పోషించువాడు తానే యని చెప్పినాడు. దానిని చదివి చంద్రుడు తోటమాలి యనుకొనుట తగదు. వెన్నెలవలన మానవునికి ఉపయోగములు లేకపోలేదు. తిథులు తెలియును, పండుగలు తెలియును, సముద్రపు పోటుపాటులు జాలరికి తెలియును. కాని యజమాని తోటలో నీడన కూర్చున్న బాటసారి ఆ చెట్టు తనకొరకే నాటబడినదనుకొనరాదు. ఉపయోగము వేరు, ప్రయోజనము వేరు. మొదటిది అనుభవించువాడు చెప్పగలడు. రెండవది నాటినవాడే చెప్పవలెను.

ఈ దృష్టితో చూచిన పితృలోకపు సంకటమును తీరును. రాయియు దుమ్మును కనబడినవి గనుక తర్పణము వ్యర్థమా యని యువకులు అడుగుచున్నారు. పరిహాసముగా అడుగువారు కొందరు, నిజముగా కలతచెంది అడుగువారు కొందరు. కలతచెందినవారికి సమాధానము చెప్పవలెను. వైష్ణవుడు శ్రాద్ధాంతమున పితృరూపియైన జనార్దనుడు ప్రీతుడగుగాకయని సమర్పించును. తిలోదకము చేరవలసినది ఒక రాతిగోళముపైని చిరునామాకు కాదు, పితరులకు అంతర్యామియైనవానికి. ఆయన లేని వైపు చంద్రునికి లేదు. పైగా ముముక్షువునకు చంద్రలోకము గమ్యస్థానమే కాదు. ధూమాదిమార్గమున అచ్చటికి పోయినవారు పుణ్యము తీరినంతనే మరలివత్తురు. అర్చిరాదిమార్గమున పోవువానికి సూర్యుని పిదప చంద్రుడు, చంద్రుని పిదప విద్యుత్తు. చంద్రుడు దారిలో ఎదురువచ్చి సాగనంపువాడు. ఆ దారిని యంత్రములు కొలువవు, కొలుతుమని శాస్త్రజ్ఞులు అననూ లేదు. పితరులు ఉన్నారని చెప్పిన సిద్ధాంతము వారి ఇండ్లను వర్ణింపలేదు. వారికి మధ్యాహ్నము ఎప్పుడో చెప్పినది. ఆ మధ్యాహ్నము నేటికిని తప్పలేదు.

అమావాస్యనాడు ఉదయమున గుత్తిలో గృహస్థుడు ఉత్తరీయము సవరించుకొని దర్భలు పరచి కూర్చుండును. పగటి ఆకాశమున చంద్రుడు సూర్యునితో కూడియుండుటచే ఎవరికిని కనబడడు. ఆవలివైపున మాత్రము ప్రొద్దు నడినెత్తికి వచ్చియుండును. ఎద్దడి సంవత్సరములందు బోరులు ఎండినప్పుడు ఇంటికి చేరినది రెండు బిందెల నీరే యైనను ఒక చెంబు ఇందులకు తీసియుంచుదురు. నువ్వులు కలిపి, పేరును గోత్రమును చెప్పి, బొటనవ్రేలి ప్రక్కనుండి మూడుమార్లు విడుతురు. పళ్ళెమున చేరిన ఆ నీటిని కాలు సోకని చోట పోయవలెను గనుక పెరటిలోని చెట్టు మొదట పోయుదురు. ఆ దినమున ఆ చెట్టుకు దొరకు నీరు అదియే.